సుద్దగీతకి అవతల

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, షాపు తెరిచే వేళ దాటుతున్నా పట్టకుండా కళ్లద్దాల షాపాయన పొద్దున్నే అట్టపెట్టె విప్పుకుని కూర్చున్నాడు. ఎన్నాళ్లుగానో కోరుకున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా అది. అదే చోట నిలబడి, అదే పాత లెన్స్ తగిలించినా, పాత కెమెరా కన్నా వెడల్పుగా చూస్తుందని భార్యకి చెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోలేదు.

ఆయన తల్లి పోయి ఇంకా ఏడాది కాలేదు. గోడ మీద ఆవిడ ఫోటో అని ఒకటుంది. గుర్తింపు కార్డు మీది బొమ్మని పెద్దది చేయించారు, ముఖం అలుక్కుపోయింది. ఇంట్లో ఫోటోల పిచ్చి ఉన్న మనిషిని పెట్టుకుని ఇదేమిటని చుట్టాలంతా చెవులు కొరుక్కున్నారు.

నిజానికి ఆయన రోజూ ఇంటి కిటికీలోంచి ఫోటోలు తీసే పిచ్చుకల్ని అక్కడికి అలవాటు చేసింది ఆవిడే. రోజూ పొద్దున్నే కిటికీ పక్కన ముక్కాలిపీట వేసుకుని పిట్టగోడ మీదికి గింజలు విసిరేది. మొదటి రోజు ఆవిడ భుజం ఫోటోలో పడితే, కాస్త జరగమన్నాడు కొడుకు. ఆవిడ జరిగింది. మళ్లీ అడ్డం రాకూడదని పీట కాలి దగ్గర సుద్దముక్కతో గీత గీసుకుంది. ఆ గీత దాటి ఇటు ఏనాడూ రాలేదు. అయినా రోజూ అడిగేది, "నేను పడట్లేదు కదా నాన్నా?" అని. లేదమ్మా అనేవాడు, తల తిప్పకుండానే. విసురుతున్న చెయ్యి ఎప్పుడైనా అంచున పడితే, తర్వాత తీరిగ్గా ఆ అంచు కత్తిరించేసేవాడు.

భార్య కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"దీంతో ఎవర్ని తీస్తారు?"

"పిచ్చుకల్నే. ఇంకా బాగా వస్తాయి."

"రెక్క రెక్కకీ ఫోటో ఉంది మీ దగ్గర. గింజలేసిన మనిషికే లేదు. ఊరందరి చూపూ సరిచేస్తారు, ఇంట్లో మనిషి కనపడలేదా మీకు?"

ఆయనకి ఒళ్లు మండింది. అమ్మకి ఫోటోలంటే ఇష్టం ఉండేది కాదని విసురుగా అన్నాడు.

"ఇష్టం లేకపోతే రోజూ తల దువ్వుకుని మరీ ఎందుకు కూర్చునేదండీ?" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "పడట్లేదు కదా అని అడిగేది దేనికనుకున్నారు? ఒక్కరోజైనా ఇటు రా అమ్మా అంటారేమోనని."

ఏం చెయ్యాలో తోచక ఆయన కెమెరా తీసుకుని, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి కన్ను ఆనించాడు. పిట్టగోడ మీద గింజల్లేవు, పిచ్చుకలూ లేవు. ఎడమ అంచున మాత్రం, ఇన్నేళ్లూ ఎన్నడూ పడనిది, ముక్కాలిపీట నిండుగా పడింది. దాని కాలి దగ్గర వెలిసిపోయిన సుద్దగీత. అమ్మ ఇంత దగ్గరగా కూర్చునేదని ఆయనకి అప్పుడు తెలిసింది.

పీట అడ్డం వచ్చిందేమో అనుకుని భార్య దాన్ని పక్కకి జరపబోయింది.

"జరపకు," అన్నాడు.

ఆవిడ ఆయన ముఖం చూసింది. లోపలికెళ్లి గింజల గిన్నె తెచ్చి, అత్తయ్య పీట మీద కూర్చుని గుప్పెడు విసిరింది.

"నేను పడుతున్నానా?"

"పడుతున్నావు. అక్కడే ఉండు."

పిచ్చుకలు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయాడే గానీ, ఆయన చాలాసేపు బటన్ నొక్కలేకపోయాడు.