నాలుగడుగులు వెనక్కి

"బండి మీదా, మీ నాన్నగారిదా?" టూల్ బ్యాగ్ దించకుండానే అడిగాడు ఉదయ్‌భాస్కర్.

"ఎవరిదైతే ఏంటండి? మీరు చూడాల్సింది ఇంజన్, ఆర్‌సీ కాదు!" అంది హర్షిత.

అంత విసురు అక్కర్లేదు. కానీ ఏడాదిగా రోజూ తొమ్మిదింపావుకి నర్సరీ ముందు నుంచి బైక్ మీద వెళ్ళిపోయే మనిషి ఒక్కసారిగా ఎదురొచ్చి మాట్లాడితే, పాపం ఏ అమ్మాయికైనా మర్యాద గుర్తుంటుందా?

కడియంలో వాళ్ళ నర్సరీ ఆఫీసు గది ముందు ఆ పాత కారు మూడు రోజులుగా స్టార్ట్ కావడం లేదు. అందులోనే మొక్కలు వేసుకెళ్ళి హర్షిత రాజమండ్రి మేడల మీద తోటలు పెట్టి వస్తుంది. ఆ కస్టమర్లంతా ఆమె సొంతంగా సంపాదించుకున్నవాళ్ళే. ముందొచ్చిన మెకానిక్ "ఇంజన్ బోరుకొచ్చింది, లోపలంతా అరిగిపోయింది, అమ్మేయండి" అనేశాడు. నాన్న జగన్నాథరావు వెంటనే కాకినాడలో పాత బళ్ళు కొనే ఆయనకి ఫోన్ కొట్టాడు. ఆయన ఇవాళ పదకొండుకి వస్తానన్నాడట. కారు పోతే ఆమె పనీ పోతుంది. అందుకే ఉదయ్‌ని పిలిచింది. నంబరు ఎక్కడిదంటే, అతని బైక్ వెనక మెకానిక్ షాపు స్టిక్కర్ మీదది.

ఉదయ్ నాలుగు ప్లగ్గులూ విప్పి వాసన చూశాడు. ప్లగ్గు తీసిన చోట ఒత్తిడి కొలిచే గేజ్ బిగించాడు.

"యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి."

"పూర్తిగా అంటే?"

"నా మీదున్న కోపమంతా దాని మీద చూపించండి."

చూపించింది. ముల్లు డెబ్భై దగ్గర ఆగిపోయింది. మిగతా మూడు సిలిండర్లూ అంతే.

"నూట యాభై దాటాలండి. కంప్రెషన్ లేదు."

హర్షిత మొహం వాడిపోయింది.

"నేను చెప్పలా?" అన్నాడు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ జగన్నాథరావు.

"తొందరపడకండి. రింగులు అరిగితే నాలుగూ ఒక్కలా అరగవు. పైగా ముందు పొగొస్తుంది. వచ్చిందా?"

"లేదు," అంది హర్షిత.

సిలిండర్‌కో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, మళ్ళీ సెల్ఫ్ కొట్టించాడు. ముల్లు నూట అరవైకి లేచింది. ప్లగ్గులు తుడిచి బిగించాక కారు రెండు దగ్గులు దగ్గి స్టార్ట్ అయింది. హర్షిత సీట్లోనే చప్పట్లు కొట్టింది.

జగన్నాథరావు మాత్రం కరగలేదు. "ఇవాళ లేచింది, రేపు మళ్ళీ పడుకుంటుంది. అసలు కారణం చెప్పు బాబూ. ఆ బండి కొనే ఆయన ద్వారపూడి దాటేశాడట."

"ఎవరో రోజూ చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి నిమిషంలో ఆపేస్తున్నారండి. కాలని పెట్రోలు లోపలి ఆయిల్‌ని కడిగేసింది." ఉదయ్ వంగి టైరు గుర్తులు చూశాడు. "నాలుగడుగులు వెనక్కి, మళ్ళీ నాలుగడుగులు ముందుకి. ఎవరండీ ఈ పని చేసేది?"

"నేను కాదు. లారీలు తిరగడానికి అడ్డం లేకుండా దాన్ని ముందుకే ఉంచమంటాను. ఏమ్మా హర్షీ?"

హర్షిత స్టీరింగ్ పట్టుకుని ఆలోచించింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే కారు పోతుంది. కారే గెలిచింది.

"నేనే నాన్నా. కారు అడ్డముంటే ఆఫీసు కిటికీలోంచి రోడ్డు కనపడదు."

"రోడ్డు మీద ఏముందని?"

"తొమ్మిదింపావుకి... ఈయనుంటారు."

ఉదయ్ చేతిలోని స్పానర్ జారి కాలి మీద పడింది. అతనికి తెలిసినట్టు లేదు.

"నాకిది దారి కాదండి," అన్నాడు మెల్లగా. "ఇల్లు కడియపులంక, షాపు వేమగిరి. హైవే మీద తిన్నగా వెళ్ళిపోవచ్చు. ఏడాదిగా ఇటు తిరిగెళ్తున్నాను."

హర్షితకి నవ్వాగలేదు. జగన్నాథరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఫోన్ తీశాడు.

"మీరు వెనక్కెళ్ళిపోండి, బండి అమ్మట్లేదు. ఆఁ, జబ్బు దొరికింది."

తర్వాత ఉదయ్ వైపు తిరిగాడు. "రేపట్నుంచి ఈ రోడ్డున వెళ్ళకు."

హర్షిత నవ్వు ఆగిపోయింది.

"లోపలికొచ్చి కాఫీ తాగి వెళ్ళు. రేపు మీ అమ్మగార్నీ నాన్నగార్నీ కూడా తీసుకురా. బైక్ మీద ముగ్గురు పట్టరు, మా అమ్మాయి కారేసుకొస్తుంది."

"రేపెందుకు నాన్నా, ఇంజన్ ఇప్పుడే వేడి మీదుంది!"

ఉదయ్ అప్పటికే ముందు సీట్లో ఉన్నాడు.