తడిగుడ్డ కింద తల

ఆ ఆర్ట్ సెంటర్‌లో వెనక గదికి మంచి పేరు లేదు. మట్టిబొమ్మలు ఆరబెట్టే గది అది. సాయంత్రం క్లాసయ్యి దీపాలార్పాక లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తుందట. టప్... టప్... అని. వెళ్లి చూసినవాళ్లు ఒక్కరూ లేరు గానీ, విన్నామన్నవాళ్లు మాత్రం బోలెడుమంది.

"పోయిన నర్సక్కే... వచ్చి తన బొమ్మ తడుపుకుంటోంది," అని క్లాసులో గుసగుసలు.

ఆ మాట వచ్చినప్పుడల్లా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టైలరమ్మ ఉలిక్కిపడేది. ఎందుకో ఆమెకొక్కదానికే తెలుసు.

రిటైరైన నర్సూ, ఈ టైలరమ్మా ఒకే బల్ల దగ్గర కూర్చుని మట్టితో తలలు చెయ్యడం నేర్చుకునేవారు. నర్సక్క చేసేది తన భర్త తల. బట్టతలతో సహా అచ్చుగుద్దినట్టు వచ్చేసరికి మాస్టారు మురిసిపోయారు. టైలరమ్మ చేసిన తల చూసి, "బంగాళాదుంప బాగా కుదిరిందమ్మా," అన్నారు. అందరూ నవ్వారు. నర్సక్క కూడా నవ్వింది. అదే ముల్లులా గుచ్చుకుంది.

కొన్నాళ్లకి నర్సక్క ఆపరేషన్‌కి వెళ్తూ టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆరితే పగిలిపోతుంది చెల్లీ. రోజూ గుడ్డ తడిపి కప్పు. నేనొచ్చి పూర్తి చేస్తా."

ఒకరి మట్టి ఇంకొకరు అడక్కుండా ముట్టకూడదని మాస్టారి కట్టడి. అంటే ఆ తల బతికినా పగిలినా ఇక టైలరమ్మ చేతిలోనే.

మొదటి రోజు నిజంగానే మరిచిపోయింది. మర్నాడు గుర్తుంది... గుడ్డ ఎండి అట్టకట్టడం కళ్లారా చూసింది. 'పగలనీ... అప్పుడు తెలుస్తుంది,' అనుకుని తల తిప్పుకుంది. మళ్లీ ఆ గది గడప తొక్కలేదు.

హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది. "తడుపుతున్నావా చెల్లీ?"

"తడుపుతున్నా అక్కా."

"సరేలే," అంది నర్సక్క.

అంతే. ఆవిడ మళ్లీ క్లాసుకి రాలేదు. ప్రాణమే పోయింది.

అప్పట్నుంచి టైలరమ్మకి కంటిమీద కునుకు లేదు. జాకెట్టు కుడి చెయ్యి తీసుకెళ్లి ఎడమ భుజానికి కుట్టేసేది. అద్దం ముందు నిలబడితే తన మొహం తనకే చూడబుద్ధయ్యేది కాదు. చిన్న ఈర్ష్య, చిన్న అబద్ధం... చచ్చిపోయిన మనిషిని ఇప్పుడెక్కడికని వెళ్లి క్షమాపణ అడగాలి?

అడగడానికున్నది ఆ గదొక్కటే.

ఆ రోజు క్లాసయ్యాక అందరూ వెళ్లేదాకా చేతులు కడుక్కుంటూ నిలబడింది. దీపాలారిపోయాయి. నడవా చివర తలుపు ఓరగా తెరిచి ఉంది...

టప్... టప్...

అయినా తలుపు తోసింది. చీకట్లో ఎవరో... బల్ల మీదికి వంగి, గుడ్డ పిండుతున్నారు.

"అక్కా..." గడప మీదే చేతులు జోడించింది. "తప్పయిపోయింది. నేనొక్కరోజు కూడా తడపలేదు. అబద్ధం చెప్పాను."

ఆ ఆకారం ఇటు తిరిగింది.

"ఎవరమ్మా... టైలరమ్మేనా?"

మగ గొంతు! వీధి దీపం వెలుగు బట్టతల మీద పడింది. నర్సక్క భర్త.

టైలరమ్మ గోడకి జారగిలబడింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. "మీరా బావగారూ... లైటేసుకోవచ్చుగా!"

"వేస్తే నా మొహమే నన్ను చూస్తూ ఉంటుందమ్మా. ఏడుపొస్తుంది." ఆయన నవ్వబోయి మానేశాడు. "ఆవిడ బ్యాగులో ఈ గది వెనక తలుపు తాళం ఉంటే, దీపాలార్పాక వచ్చి తడిపిపోతున్నాను. పూర్తి చేసేవాళ్లు లేరు... అయినా పగలనివ్వబుద్ధి కాలేదు."

"ఇంకా పగల్లేదా?" అంది టైలరమ్మ.

"పగలడమేంటి? ఆవిడ పోయాక మొదటిసారి వచ్చి చూస్తే మట్టి మెత్తగా ఉంది. గుడ్డ పిండితే నీళ్లు కారాయి. నువ్వే చూసుకున్నావనుకున్నా..."

"నేను కాదు బావగారూ."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు —

"హాస్పిటల్లో... మంచం దిగే ఓపిక లేదు ఆవిడకి. కానీ రోజూ పొద్దున్నే చూస్తే వేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉండేవి. గోళ్లలో మట్టి. డాక్టర్లకీ అంతుపట్టలేదు. ఏంటే ఇది అని ఆవిణ్ణే అడిగాను."

"ఏమంది?"

"‘చెల్లికి కుట్టుపని ఎక్కువైనట్టుంది పాపం, ఏమీ అనకండి’ అంది."