పదహారు కోర్లు, ఒక్క రొట్టె

ముత్తుకూరులో కంప్యూటర్ షాపు నడిపే పెంచలప్రసాద్‌కు ఒక్క పనితో పొద్దు గడవదు. షాపులోనే జిరాక్సు, రొయ్యల మేత ఏజెన్సీ, ఇన్సూరెన్సు, బస్సు టిక్కెట్లు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు పెద్దలు. ఇతను అయిదింటి మీద పెట్టాడు. ఒక్కటీ ఒడ్డు చేరలేదు.

పోర్టు కాంట్రాక్టరు ఆఫీసులో డ్రాయింగులు గీసే ప్రత్యూష కొత్త కంప్యూటరు కోసం వచ్చింది. పెళ్లిళ్ల పేరయ్య పిల్లవాణ్ణి పొగిడినట్టు పదహారు కోర్ల, అంటే పదహారు మెదళ్లున్న, ప్రాసెసర్‌ని పొగిడాడు ప్రసాద్. ఆమె ఓపికగా విని, తన సాఫ్ట్‌వేరు పని చాలావరకు ఒక్క కోరు మీదే నడుస్తుందనీ, ఆ ఒక్కటీ చురుగ్గా ఉంటే చాలనీ చెప్పింది.

"మిగతా పదిహేనూ ఏం చేస్తాయండీ?"

"ఉంటే ఒక గౌరవం కదా మేడమ్."

"వీడియోలు చేసుకునేవాళ్లకి అన్నీ కావాల. నాకు గీత కదిలితే చాలు."

ఆమె వెళ్లిపోయింది. ప్రసాద్ మనసు ఆమె వెనకే పోయింది. వారంలో ఆరు కోర్లదే అయినా ఒక్కో కోరూ చురుకైన ప్రాసెసర్ తెప్పించి ఆమెకు అమ్మాడు. మనసులో మాట మాత్రం గొంతు దాటలేదు.

అందుకే రొట్టెల పండగకు నెల్లూరు వెళ్లాడు. బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టెను కోరుకునేవాళ్లు అందుకుని తినాలి. కోరికకో రొట్టె. పెళ్లి రొట్టె కోసమే నీళ్లలోకి దిగినవాడు వ్యాపార రొట్టె, సొంతింటి రొట్టె, విదేశీ రొట్టె, చివరికి సంతాన రొట్టె కూడా పట్టాడు.

వెనక ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే ప్రత్యూష.

"ఇక్కడా పదహారు కోర్లేనా? వీటిలో నిజంగా కావాల్సింది ఏదండీ?"

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అతనికి తెలుసు. పెళ్లి రొట్టె పైకి తీశాడు.

"ఇదొక్కటే. అదీ నీతోనే. నువ్వు కాదంటే వీటితోనన్నా సర్దుకుందామని తక్కినవి పట్టినా."

ఆమె నవ్వు ఆగిపోయింది. చున్నీ ముడి విప్పి సగం తిన్న రొట్టె చూపించింది.

"నాదీ పెళ్లిదే. నేను ఇదొక్కటే పట్టినా. మా నాయనతో మాట్లాడు. ముందు ఆ టిక్కెట్ల బోర్డు తీసెయ్."

ప్రసాద్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగతా రొట్టెలు ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. కోరిక తీరకుండా ఇవ్వకూడదని, తినాల్సిందేనని ఆమె గట్టు మీద కూర్చోబెట్టింది. వ్యాపారం, ఇల్లు, విదేశం అన్నీ అతని చేతే తినిపించింది.

సంతాన రొట్టెను మాత్రం సగం తుంచుకుని, అతని వైపు చూడకుండా తానే తింది.