పెద్దక్షరాల్లో పడిన మాట

ఆ ఏటి కొత్త వస్తువుల ప్రదర్శనలో మడతపడే ఫోన్లనూ, మెట్లెక్కి ఊడ్చే యంత్రాన్నీ చూసి అలసిన పత్రికా విలేకరి, చివరి బల్ల ముందు ఆగి, "కళ్ళజోడే కదా" అని పెదవి విరిచాడు.

"పెట్టుకుని చూశాక విరవండి," అంది దానిని రూపొందించిన ఇంజినీరు.

పెట్టుకున్నాడు. ఆమె పలికిన ప్రతి మాటా అద్దంమీద అక్షరమై వెలిగింది. వాక్కు కంటికి దర్శనమిచ్చిన ఆ వింతకు అతనికి ఒళ్ళు పులకరించింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు మాత్రం అక్షరాలకు అందలేదు.

వ్యాసానికి వివరాలు కావాలన్న నెపంతో వారంలో నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి ఆమె తన దిగులు చెప్పుకుంది. గడియారాలు బాగుచేసే తన తండ్రికి తొమ్మిదేళ్ళుగా వినబడదు. తాను తెచ్చిన మూడు పరికరాలూ ఆయనను విసిగించాయి. ఇదీ పనిచేయకపోతే మరొకటి తేవద్దని మాట తీసుకున్నారు.

ఆదివారం వాన పడుతూండగా విలేకరి వాళ్ళింటికి వెళ్ళాడు. తండ్రి ఆ కళ్ళజోడు పెట్టుకుని, విప్పిన గడియారం మీదికి వంగి ఉన్నారు.

"నాన్నా, కనిపిస్తోందా?"

ఆయన తలెత్తలేదు. మళ్ళీ అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. ఆమె కళ్ళు చెమర్చాయి.

వినబడని పెద్దాయన ఎదుట ఆ ఇంట ఎవరూ మాట దాచుకోరు. ఆ అలవాటు విలేకరికీ అప్పుడే అంటింది. మెల్లగా అన్నాడు:

"బాధపడకండి. ఇంకోటి చేద్దురుగాని, పక్కన నేనుంటాను. ఇన్నిసార్లు వచ్చింది వ్యాసం కోసం కాదు, మీకోసం."

తండ్రి పట్టకారు కింద పెట్టారు.

"మెల్లగా చెప్పినా పెద్దక్షరాల్లోనే పడింది, బాబూ."

ఇద్దరూ కొయ్యబారిపోయారు.

"మొదటి పిలుపుకే కనిపించిందమ్మా. 'నాన్నా' అని పడింది. కదిలితే చెరిగిపోతుందేమోనని కదల్లేదు." ఆయన కిటికీవైపు తిరిగి, విస్మయంగా చదివారు: "'వాన చప్పుడు' అంటోంది. చినుకులను కూడా వదలడం లేదు."

కాసేపటికి కూతురివైపు చూశారు. "అతను చెప్పాడు. నీ జవాబింకా పడలేదేం?"

ఆమె విలేకరి చేయి అందుకుని నవ్వింది.

ఖాళీ అద్దంలోకి చూసిచూసి ఆయన కళ్ళజోడు తీశారు. ఆ చేతులను, ఆ నవ్వును చూశారు. వెంటనే మళ్ళీ పెట్టుకున్నారు.

"పెళ్ళి మాట ఎవరు ముందు ఎత్తుతారో, అది చదవకుండా పోకూడదు."