పదకొండుంపావుకి ఆగిపోయే సర్వర్

ఆ ఇంటమ్మాయి చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేస్తుంది. పాత కంప్యూటరు ఫ్యాను హోరు ప్రతి పాఠంలోనూ పడుతోందని, ఫైళ్ళు దాచుకోవడానికి చప్పుడు చేయని సర్వర్ కావాలని కంప్యూటర్లు బిగించే సిస్టమ్స్ అబ్బాయిని పిలిపించింది.

"చప్పుడు వినబడితే వెనక్కి పట్టుకుపోవాలి," అంది మొదటిరోజే.

"వినబడితే నేనే మోసుకుపోతానండీ."

అతను మాట తప్పే మనిషి కాదు. ఫ్యాను లేని చిన్న పెట్టె, రెండు డిస్కులు, దాన్ని నడిపించడానికి లినక్స్. ఒక డిస్కు పోయినా పాఠాలు రెండోదాంట్లో ఉంటాయి. ఎవరూ ఫైళ్ళు తెరవకపోతే డిస్కులు కూడా నిద్రపోతాయి. కరెంటు చిన్న బల్బంత తాగితే ఎక్కువ. ఇంక ఈ ఇంటికి తనతో పని లేదని మెట్లు దిగుతుంటే తెలిసొచ్చింది. పని బాగా చేసినందుకు జీవితంలో మొదటిసారి విచారించాడు.

మర్నాడే ఫోను. సర్వర్ ఆగిపోయింది.

కారకులు ఆమె నాన్నగారు. ముప్ఫై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పుతున్న మెకానిక్. పెట్టెకి చెవి ఆనించి, చప్పుడు లేదు కాబట్టి ఆగిపోయిందని తేల్చి, స్టార్ట్ చేద్దామని బటన్ నొక్కారట. నడుస్తున్న సర్వర్ బుద్ధిగా ఆగిపోయింది. పచ్చలైటు వెలుగుతుంటే నడుస్తున్నట్టేనని అతను చూపించాడు. మెకానిక్ గారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

అయినా ఆ వారం మరో మూడుసార్లు ఆగింది. ముసలాయన్ని ఏమంటాంలే అని అతను ఊరుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఆమె టీ ఇచ్చి, సర్వర్ మీమీద బెంగ పెట్టుకుందేమోనని దెప్పేది.

చివరిసారి లాగ్ తెరిచాడు. యంత్రం ఎప్పుడేం జరిగిందో దానంతటదే రాసుకునే పుస్తకం అది. మూడుసార్లూ బటన్ నొక్కింది పదకొండుంపావుకే.

"ఆ వేళకి నేను షెడ్డులో ఉంటాను బాబూ," అన్నారు భోజనానికొచ్చిన మెకానిక్ గారు, పేపరు దించకుండా. "ఇంట్లో ఉండేది ఒక్క మనిషే."

ఆ ఒక్క మనిషీ మైకు తీగను శ్రద్ధగా చుట్టసాగింది.

అతను చూసీచూడనట్టు ఊరుకోవచ్చు. ఊరుకుంటే వారానికి మూడు టీలు. కానీ పాఠం సేవ్ అవుతుండగా ఆగితే ఫైలు చెడిపోతుంది, పిల్లలకి పరీక్షలు దగ్గరపడ్డాయి. గొంతు సవరించుకున్నాడు.

"సెట్టింగుల్లో ఒక్క లైను మారిస్తే బటన్ ఎవరు నొక్కినా ఆగదండీ. ఇంక నన్ను పిలిచే పనుండదు. నాకైతే మార్చాలని లేదు. కానీ మార్చాలి."

ఆమె తీగ చుట్టడం ఆపింది.

"మార్చండి. పిల్లల పాఠాలతో ఆడుకున్నాను, తప్పు నాదే. రేపు మళ్ళీ రండి."

"రేపు దేనికండీ? అది ఆగదు కదా."

"ఇంత చదువుకున్నారు, అది కూడా నేనే చెప్పాలా?"

పేపరు కిందకి దిగింది.

"రేపొద్దు, ఆదివారం రా. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా బాబూ. మీ ఇద్దరికీ వదిలేస్తే ఏదీ తేలేలా లేదు."

అతను లైను మార్చి, సేవ్ చేసి, పరీక్షించడానికి బటన్ నొక్కి చూశాడు. ఆగలేదు. అప్పుడు వాళ్ళమ్మకి ఫోను చేశాడు.