బీకాం చదివి లేత్ పనికా!

రిటైరయ్యాక అసిరయ్యకు ఇంట్లో ఒకే ఒక్క ఉద్యోగం మిగిలింది. పొద్దున్నే ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి కొడుకు చొక్కా ఇస్త్రీ చెయ్యడం. భార్య సింహాచలమ్మ తను చేస్తానన్నా ఒప్పుకోడు. కాలరు మీద ముడత కనిపిస్తే తన పరువే పోయినట్టు బాధపడతాడు. ఉత్తరాది ఉక్కు ఊళ్ళోని బర్మామైన్స్‌లో, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన వాళ్ళుండే ఆ సందులో, మొదటి బీకాం తన కొడుకు ఆదిబాబే మరి. మిల్లులో క్రేను నడిపినవాడి కొడుకు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటున్నాడంటే, ఆ కుర్చీలో సగం తండ్రిది కాదూ?

1982 వానాకాలంలో ఒక పొద్దున అసిరయ్య చొక్కా పట్టుకుని వచ్చేసరికి, ఆదిబాబు ఖాకీ ప్యాంటు వేసుకుని పీట మీద కూర్చుని రొట్టె తింటున్నాడు.

"ఏట్రా ఆ ఏసం? ఆపీసుకి ఎళ్ళవా?"

"ఎళ్తాను నాన్నా. రిజైన్ ఇచ్చేసి వత్తాను."

"ఇచ్చేసి?"

"ఆదిత్యపూర్‌లో నారాయణమూర్తిగారి వర్క్‌షాపులో చేరతాను. ఇనుము కోసే లేత్ మిషను మీద. కొన్నాళ్ళుగా సాయంత్రాలు అక్కడే పని నేర్చుకుంటన్నా. మీకు చెప్పలేదు."

సింహాచలమ్మ పెనం మీద రొట్టె మాడింది. సాయంత్రాలు కొడుకు కద్మా కాలనీలో ఆఫీసు స్నేహితుల ఇళ్ళకు పేకాటకు వెళ్తున్నాడనుకుని, గొప్పవాళ్ళ అలవాట్లు అబ్బాయని మురిసిపోయాడు అసిరయ్య ఇన్నాళ్ళూ. ఆ పిచ్చి మురిపెమంతా ఇప్పుడు కోపమైపోయింది.

"మతుండే మాటాడతన్నావా? బీకాం సదివి గోళ్ళల్లో నూనెతో తిరుగుతావా? నలబయ్యేళ్ళు నేను మింగిన మసి సాల్లేదా ఈ ఇంటికి? గాడిద బతుకురా అది! అందుకే కదరా నిన్ను సదివించాను!"

"నహీ హోతా నాన్నా, నావల్ల కాదు." ఆదిబాబు గొంతు పెంచలేదు. "నా పక్క సీట్లో వెంకటరావని ఒకడున్నాడు. మెట్రిక్. రోజంతా చలాన్ల మీద నంబర్లేసి, సాయంత్రం ఈలేసుకుంటూ ఇంటికెళ్తాడు. ఆడికా సీటు సింహాసనం. నేనూ అదే చలాన్ల మీద అవే నంబర్లు వేత్తాను. నాకది ముళ్ళ కుర్చీ. దీనికోసమా కాలేజీకెళ్ళింది అనిపిత్తాది."

"అయితే సదువు దండగంటావు."

"కాదు. చదువుకున్నాను కాబట్టే ఇది నాకు సరిపోదని తెలిసింది. లేకపోతే దాంతోనే సరిపెట్టుకుందును."

"సరిపోకపోతే ఆపీసరు పరీచ్చ రాయి. పెద్ద కుర్చీ ఎక్కు."

"అసలు కుర్చీయే నాకొద్దంటంటే ఎంత పెద్దదైతే ఏటి?"

అసిరయ్య చేతిలోని చొక్కా మంచం మీదకు విసిరేశాడు. "ఆ లేత్ ముట్టుకుంటే నన్ను నాన్నా అని పిలవకు!"

ఆదిబాబు ముఖం పాలిపోయింది. అయినా పీట మీంచి లేవలేదు. "పిలుస్తాను. లేత్ కూడా ముట్టుకుంటాను."

సింహాచలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఇద్దరే. ఎవరికి నచ్చజెప్పాలో ఆమెకు పాలుపోలేదు.

అంతలో గుమ్మం ముందు స్కూటరు ఆగింది. దిగినవాడు వర్క్‌షాపు యజమాని నారాయణమూర్తే. సోంపేట దగ్గర్నుంచి చిన్నప్పుడే వచ్చి, ఖర్‌కాయ్ నది అవతల సొంతంగా నాలుగు లేత్‌లు పెట్టుకున్న మనిషి. లోపలికొచ్చి కూర్చుంటూనే గోడ మీది ఫొటో చూశాడు. అద్దెకు తెచ్చిన నల్లగౌనులో ఆదిబాబు.

"అయితే నిజమేనన్నమాట. అసిరయ్యన్నా, నీ కొడుకు నాతో మెట్రిక్ అనే చెప్పాడు. నిన్న పెళ్ళిలో ఎవరో అన్నారు, మీ కుర్రాడు బీకాం కదా అని."

అసిరయ్య కొడుకు వైపు చూశాడు. తను ఊరంతా చాటుకున్న చదువును కొడుకు దొంగసొత్తులా దాచుకున్నాడు! పొద్దుట్నుంచి విన్న వాటన్నిటికంటే ఆ మాటే గుండెలో గట్టిగా గుచ్చుకుంది.

"ఈ సంగతి ముఖాముఖీ చెప్పిపోదామనే వచ్చాను" అన్నాడు నారాయణమూర్తి. "డిగ్రీ వాళ్ళని నేను పెట్టుకోనన్నా. పెట్టుకుని చూశాను. ఇంకో కుర్చీ దొరకంగానే పోయారు. చదువుకున్నోడు పనిలో నిలబడడు."

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, అసిరయ్య తగువు దానంతటదే తీరిపోయింది. సంతోషించాలి మరి. కానీ తండ్రి ముందు వంగని కొడుకు తల ఆ మాటకు వంగిపోయింది. అది చూసి అసిరయ్య ప్రాణం విలవిల్లాడింది.

నారాయణమూర్తి లేవబోతూ అన్నాడు: "నీకు తెలీందేముందన్నా. ఇష్టం లేకుండా ఇనుము దగ్గర ఎవడుంటాడు? నలభయ్యేళ్ళు నువ్వెలా ఉన్నావు?"

"ఏటుంది మూర్తిగోరూ, గాడిద బ..."

"అబద్దాలాడకయ్యా!" సింహాచలమ్మ గొంతు విని ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. "నిద్దర్లో ఇప్పుటికీ కిరేను లివరు తిప్పినట్టు సెయ్యి తిప్పుతావు. నవ్వుతావు కూడాను. గాడిద బతుకైతే ఆ నవ్వేటి?"

అసిరయ్య మంచం మీద కూలబడ్డాడు. నలభయ్యేళ్ళూ ఇంటికొచ్చి ఏం చెప్పాడు? వేడి చెప్పాడు, మసి చెప్పాడు, ఫోర్‌మన్ తిట్లు చెప్పాడు. క్రేను పైన ఆ చిన్న గదిలో కూర్చుంటే తను రాజైపోయేవాడని ఒక్కనాడూ చెప్పలేదు.

"ఇట్టమేరా ఆదీ" అన్నాడు చివరికి, కళ్ళు తుడుచుకోకుండానే. "నాకా పనంటే పేణం. ఆ మాట సెప్తే పలక పారేసి నా ఎనకాల వచ్చేత్తావని బయం. అందుకే మీకు మసి కతలే సెప్పాను."

ఆదిబాబు లేచి వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నాకూ భయమే నాన్నా. చదువు సంగతి తెలిస్తే మిషను దగ్గరికి రానివ్వరని దాచాను."

అసిరయ్య కండువాతో ముఖం తుడుచుకుని నారాయణమూర్తి వైపు తిరిగాడు.

"మావోడు నిలబడడంటారా? పొద్దుట్నించి నేను నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్నా అనొద్దన్నాను. పీట మీంచి కదిలాడా? సొంత నాన్నే కదపలేనోణ్ణి ఆ లేత్ కాడ్నించి ఎవుడు కదుపుతాడు? పెట్టుకోండి బాబూ. బీకాం అనే సెప్పుకోండి. ఇంక దాయొద్దు."

నారాయణమూర్తి కాసేపు తండ్రినీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వేశాడు. "సోమవారం రావోయ్. నెల తిరక్కుండా మానేశావంటే మాత్రం మీ నాన్న మీదకే వత్తాను."

స్కూటరు వెళ్ళిపోయాక కూడా ఎవరూ లేవలేదు. అసిరయ్యే అడిగాడు, కాస్త సిగ్గుపడుతూ. "తొలీసారి ఆ మిసను మీద సెయ్యెట్టినప్పుడు ఎలాగుందిరా?"

ఆదిబాబు ఆలోచించాడు. "ఇనుము చుట్టలు చుట్టలుగా రాలింది నాన్నా. ఇది చేసింది నేనేనా అనిపించింది."

"నాకూ అంతేరా! ఆ రోజు తొలీసారి కిరేను ఎక్కేను. అంత బరువూ సప్పుడు కాకుండా కిందకి దించేను. కిందున్నోళ్ళందరూ తలెత్తి నాకేసే సూసేరు."

పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి సింహాచలమ్మ వాళ్ళ పక్కన కూర్చుంది. "నాక్కూడా ఎప్పుడూ సెప్పనేదు కదయ్యా" అంది కళ్ళొత్తుకుంటూ. "మొదట్నించీ సెప్పు."