పైపు పట్టేవాడు

గన్ను మేస్త్రి రంగు కొడుతుంటే గాలి కూడా ఊపిరి బిగబట్టేదని ఆ వీధి వీధంతా చెప్పుకునేది. ఆయన మెరుగు పెట్టిన కారు మీద వాలిన ఈగ సర్రున జారి కిందపడి నడుం విరగ్గొట్టుకుందట. ఆ కారు తలుపులో మొహం చూసుకున్న ఓ పెళ్లికొడుకు, తన అందం తనే తట్టుకోలేక పెళ్లి మానుకున్నాడట! ఈ కథలన్నీ పుట్టించింది మేస్త్రే. అయినా సగం నిజమే.

ఆయన ఎక్కడా చెప్పనిది ఒక్కటుంది. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకడు రంగు చిమ్మే గన్ను పడతాడు. రెండోవాడు వెనకాలే గాలిపైపు ఎత్తిపట్టుకుని నడుస్తాడు. పచ్చి రంగుకి పైపు తగిలిందా, పనంతా మట్టిపాలు. మొహాలకి అడ్డాలుంటాయి కనక మాటలుండవు. వెనకవాడు భుజం మీద ఒకసారి తడితే ‘కానీ’ అని. రెండుసార్లు తడితే ‘ఆపు’ అని.

ఏళ్ల తరబడి ఆ పైపు పట్టింది తమ్ముడు. షెడ్డులో మాస్కు ఒక్కటే. అది అన్నయ్యది. తమ్ముడి మూతికి తడిగుడ్డ. దగ్గీ దగ్గీ కిందటి వానాకాలంలో పోయాడు తమ్ముడు.

మిగిలింది అతని వ్యాను. మరదలు అందులో కూరగాయలు తోలి కూతుర్ని చదివించుకుంటోంది. తలుపు సొట్టపడితే, “తెచ్చి పెట్టమ్మా, చిటికెలో సరిచేస్తా” అన్నాడు మేస్త్రి. సొట్ట పోయింది. తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి వ్యాను బానెట్టు మీద రంగుల నమూనా రేకులు పరిచి, ఒక్కోటీ ఎండకి తిప్పి చూస్తున్నాడు.

“సొట్ట తీస్తానన్నారు. రంగెందుకు బావగారూ?”

“నలుపు! అర్ధరాత్రిని పట్టుకొచ్చి పూసినట్టుంటుంది చూడు.”

“ఆ నీలం ఆయన చేత్తో కలుపుకున్నది.”

“నీలమా అది? ఉతికి ఉతికి వెలిసిన లుంగీ. సంతలో గాడిదలు చూసి నవ్వుతాయి.”

“గాడిదల నవ్వు మీకే తెలియాలి. తాళం ఇవ్వండి.”

మేస్త్రి మొహం గంటు పెట్టుకున్నాడు. “షెడ్డు నాది. బండి నా తమ్ముడిది. రంగు కూడా నాది ఎక్కాక నువ్వెవరు అడగడానికి?”

“ఆయనకో మాస్కు కొనిచ్చుంటే, ఇవాళ ఆయనే అడిగేవాడు.” ఆమె వెళ్లి గేటు దగ్గర చతికిలబడింది. “ఇచ్చేదాకా లేవను.”

“కూర్చో. ఎండకి నీ రంగే మారుతుంది.”

మేస్త్రి వ్యానుని షెడ్డులోకి తోలి, తలుపు లోపలినుంచి గడియ పెట్టాడు. నాలుగువైపులా ప్లాస్టిక్ పరదాలు. పైన గుడ్డి బల్బు. మూలన పైపులోకి గాలి నెట్టే కంప్రెసర్ గురకపెడుతోంది. మేకుకి తమ్ముడి గుడ్డ ఎండి అట్టగట్టి వేలాడుతోంది. మేస్త్రి మాస్కు బిగించాడు. ఊపిరి వదిలినప్పుడల్లా దాని రబ్బరు నాలిక టప్ మంటోంది. పైపు తానే భుజాన వేసుకున్నాడు. నాకొకడు కావాలా!

గన్ను బుస్సుమంది. రంగులో కలిపిన థిన్నరు ఘాటు గుప్పుమంది. నల్లటి పొగమంచులో నీలం కొంచెం కొంచెంగా మునిగిపోతోంది. ఒక పక్క అయింది. వెనక తలుపులయ్యాయి. చెయ్యి ఎంత తేలిగ్గా ఆడుతోందో!

తేలిగ్గా...

భుజం మీద పైపు లేదు. నేల మీదా లేదు. వెనకాల గాల్లో, నడుమెత్తున నిలబడి ఉంది.

కంప్రెసర్ గురక కింద సన్నగా ఓ దగ్గు. టప్. ఇది తన మాస్కు. మళ్లీ దగ్గు. ఇది... తనది కాదు.

మేస్త్రి వెనక్కి చూడలేదు. గన్ను గట్టిగా నొక్కాడు. ఇంకో పక్క మిగిలింది. అదీ నల్లబడితే బండి తనదే.

భుజం మీద ఎవరో తట్టారు.

ఒకసారి.

రెండోసారి.

“ఆపను!” అని మాస్కులోనే అరిచాడు. “నా షెడ్డురా ఇది!”

పైపు బిగుసుకుంది. గన్ను చేతిలోంచి ఊడి ఎగిరిపోయింది. తల వెనక మాస్కు పట్టీలు మెల్లగా, ఓపిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి సడలుతున్నాయి. చెవి పక్కన తడి తడి ఊపిరి.

“ఇవాళ... మాస్కు నాకివ్వన్నయ్యా...”

బల్బు చుట్టూ నలుపు మూసుకుంది. గొంతులో నిప్పులు పోసినట్టయింది. మూతి మీదికి చల్లగా, మెత్తగా ఏదో వచ్చి బిగుసుకుంది.

అరుపు విని మరదలు లోపలి గడియ ఊడేదాకా రాయితో తలుపు బాదింది. మేస్త్రి గడప దగ్గర బోర్లా పడి ఉన్నాడు. మూతికి తమ్ముడి గుడ్డ. నీళ్లోడుతోంది. షెడ్డులో చుక్క నీళ్లు లేవు. ఆయన మెల్లగా లేచి కూర్చున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాడు. ఆ తర్వాత ఎన్నడూ పెద్దగా మాట్లాడలేదు, దగ్గడం తప్ప.

ఆమె సగం నలుపు, సగం నీలం బండిని బయటికి తీసింది. తలుపు వేద్దామని వెనక్కొచ్చి లోపలికి చూసింది. నేలంతా నల్లటి రంగు ధూళి. బావగారి చెప్పుల గుర్తుల వెనకే, బండి చుట్టూతా, చెప్పుల్లేని పాదాల గుర్తులు.

కంప్రెసర్ ఆగిపోయి ఉంది. ఎక్కడా గాలి లేదు.

గుడ్డ ఉండే మేకుకి ఇప్పుడు మాస్కు వేలాడుతోంది. దాని రబ్బరు నాలిక కదులుతోంది.

టప్... టప్... టప్...